వస్త్రనగరంలో ఒక దర్జీ కథ

సూరత్ నగరంలో రింగురోడ్డు వెంబడి నడిచే బాటసారికి ఆకాశం కన్నా వస్త్రమే అధికంగా కనిపిస్తుంది. రెండు ప్రక్కలా అంతస్తులు అంతస్తులుగా లేచిన బజారులు. ఒక్కొక్క బజారులో వందలాది దుకాణాలు. ఒక్కొక్క దుకాణంలో నేలనుంచి కప్పుదాకా చీరల దొంతరలు. నెమలికంఠపు రంగు, కుంకుమపూవు రంగు, పేరు పెట్టడానికి వీలుకాని మరెన్నో రంగులు. తెల్లని పరుపులపై కూర్చున్న వర్తకులు చీరను విప్పరు, విసురుతారు. అది గాలిలో ఒక్క క్షణం తెరచాపవలె నిలిచి, కొనవచ్చినవారి మోకాళ్ళమీద వాలుతుంది. బేరం కుదిరిన చీరలు మూటలై, మూటలు బేళ్ళై, కూలీల వీపులమీదుగా లారీలకెక్కుతాయి. వాటిలో కొన్ని కొద్దిరోజులకే వరంగల్లులోనో విజయవాడలోనో విప్పబడతాయి. పెళ్ళికి బంధువులకు పెట్టే చీరలలో, పండుగకు పనివారికిచ్చే చీరలలో సూరత్ చీర చేరని తెలుగు పల్లె అరుదు.

బేలు మోసే మనిషి ఒంటిమీద మాత్రం వెలిసిన చొక్కా ఉంటుంది. ఆ బట్టను నేసినవాని ఒంటిమీద, మగ్గాల షెడ్డులోని వేడికి, చాలాసార్లు అదీ ఉండదు.

బట్టకూ బట్ట చేసేవానికీ మధ్యనున్న ఈ దూరాన్ని గురించి లోకంలో పుట్టిన కథలలో ఒకటి సూరత్‌కు వేల మైళ్ళ దూరాన, స్విట్జర్లండులో, జర్మను భాషలో పుట్టింది. దాని పేరుకు తెలుగున 'దుస్తులే మనుషులను చేస్తాయి' అని అర్థం. వ్రాసినవాడు గాట్‌ఫ్రీడ్ కెల్లర్. జూరిక్ నగరంలో 1819లో జన్మించాడు. తండ్రి తరిమెన పనివాడు; కుమారునికి ఐదేళ్ళ వయసులోనే కన్నుమూశాడు. కెల్లర్ వ్రాసిన ప్రసిద్ధ నవలలో కథానాయకుడు చనిపోయిన తండ్రి ఆకుపచ్చని దుస్తులను కత్తిరించి కుట్టిన బట్టలే తొడుక్కుని పెరుగుతాడు, ఆ రంగే అతని పేరులో నిలిచిపోతుంది. మనిషిని బట్ట ఎట్లా పట్టుకుంటుందో ఈ రచయితకు చిన్నతనం నుంచే తెలుసునన్నమాట. దర్జీ కథ 1874లో వెలువడింది. నాటినుంచి జర్మను బడిపిల్లలు తరతరాలుగా దానిని పాఠంగా చదువుతున్నారు. అది నాటకరంగానికీ సంగీత నాటకానికీ ఎక్కింది. ఒకటి కన్నా ఎక్కువసార్లు సినిమా అయింది. వాటిలో పేరెన్నికగన్నది 1940లో హెల్ముట్ కాయిట్నర్ దర్శకత్వంలో వచ్చిన చిత్రం.

కథ నవంబరు మాసపు చలిలో మొదలవుతుంది. సెల్డ్విలా అనే ఊళ్ళో యజమాని దివాలా తీయగా, కూలి అందక, పని పోయి, వెంట్సెల్ స్ట్రాపిన్‌స్కీ అనే దర్జీ యువకుడు గోల్డాఖ్ అనే సంపన్న పట్టణానికి నడిచిపోతూ ఉంటాడు. జేబులో దమ్మిడీ లేదు. కుట్టుపనిలో వేలికి తొడిగే అంగుస్తానా ఒక్కటే ఉంది. నాణెం లేని లోటుకు దానినే వ్రేళ్ళమధ్య త్రిప్పుకుంటూ ఉంటాడు. అయితే అతని ఒంటిమీద నల్ల మఖమలు ఆస్తరు వేసిన విశాలమైన అంగవస్త్రం, తలపై పోలెండు దేశపు బొచ్చుటోపీ ఉన్నాయి. తన చేతులతో కుట్టుకున్నవే, వాటిని విడిచి బ్రతకలేడు. ఆ దుస్తులవల్లనే ఎవరినీ ముద్ద అన్నం అడగలేడు, అడిగినా ఇచ్చేవాడుండడు.

ఒక ప్రభువు కోటకు ఖాళీగా తోలుకుపోతున్న కొత్త బండి అతని ప్రక్కన ఆగుతుంది. జాలిపడి బండివాడు ఎక్కించుకుంటాడు. గోల్డాఖ్‌లో సత్రం ముందు బండి దిగగానే, ఆ వేషమూ ఆ వాహనమూ చూసిన జనం ఎవరో మహాప్రభువు వచ్చాడని మూగుతారు. బండివాడు వేళాకోళానికి అవునంటాడు. దర్జీ ఏమీ అనడు. ఈ కథలోని కీలకం ఇక్కడే ఉన్నది: మొదటి అబద్ధం అతనిది కాదు. సత్రం యజమాని తన గౌరవం కోసం, ఊరి పెద్దలు తమ వినోదం కోసం, ఒక ప్రభువును తయారుచేసుకుంటారు. ఆకలిగొన్నవాడు నోరు మూసుకుని వారు వడ్డించిన పక్షిమాంసం తింటాడు. మెల్లగా తప్పించుకుపోదామని లేస్తే, పరిచారకుడు మరొక అవసరమనుకుని దారి చూపుతాడు. మారుమాటాడకుండా ఆ తలుపు వేసుకోవడమే అతను స్వయంగా ఆడిన తొలి అబద్ధమని కెల్లర్ చమత్కరిస్తాడు.

పీతాంబరం కట్టినవానికి కన్యనూ, దిగంబరునికి విషాన్నీ ఇచ్చాడని సముద్రుని ఎగతాళి చేసిన సంస్కృత చాటువు తెలుగు పాఠకులకు పరిచితమే. గోల్డాఖ్ ప్రజలు ఆ సముద్రుని వంశంవారే. వారు కూడా పిల్లనిస్తామంటారు. ఊరి అధికారి కుమార్తె నెట్షెన్ అతనిని ప్రేమిస్తుంది, నిశ్చితార్థం జరుగుతుంది. ఆమెను ఆశించి భంగపడిన మరొక యువకుడు, నూలుమిల్లులో లెక్కలు వ్రాసేవాడు, దర్జీ వ్రేళ్ళపై సూదిపోట్ల గుర్తులు గమనించి సెల్డ్విలాకు వెళ్ళి కూపీ తీస్తాడు. నిశ్చితార్థపు విందునాడు మంచుపై జారుబండ్లలో సెల్డ్విలా జనం ఊరేగింపుగా దిగుతారు. దర్జీ వేషాలు వేసి, నిండుసభలో అతని బ్రతుకును మూకాభినయం చేసి చూపుతారు. వెంట్సెల్ మాట పలకకుండా లేచి, మంచులో నడచి, దారిప్రక్కన చావుకోసం పడుకుంటాడు. నెట్షెన్ బండి తోలుకుంటూ వెతికి వచ్చి లేపుతుంది. నిజమంతా విని, ఆ దర్జీనే పెళ్ళాడుతుంది.

కాయిట్నర్ చిత్రంలో దర్జీగా నటించినవాడు హైంట్స్ ర్యూమాన్. నాయిక వేషం ధరించిన హెర్తా ఫైలర్ నిజజీవితంలోనూ అతని భార్య. కెల్లర్ కథలోని పోలెండు ప్రభువు సినిమాలో రష్యను ప్రభువుగా మారిపోయాడు. జర్మనీ పోలెండుపై దండెత్తింది 1939 సెప్టెంబరులో. ఆ చిత్రం విడుదలనాటికి రష్యాతో జర్మనీకి సంధి నడుస్తోంది. ప్రభువు దేశం మారడం కేవలం యాదృచ్ఛికమని నమ్మడం కష్టం. నూరేళ్ళనాటి కోట్లతో, గుర్రపుబండ్లతో, చూడడానికి అది హాయి గొలిపే పాతకాలపు వినోదమే. కాని యూనిఫారం ధరించినవాడే మనిషిగా లెక్కకు వచ్చే రాజ్యంలో, యుద్ధం నడుమ, దుస్తులకు సలాము చేసే జనాన్ని తెరమీద చూపించారు. అదే దర్శకుడు అదే నటునితో యుద్ధానంతరం 1956లో తీసిన 'కోపెనిక్ కెప్టెన్' అనే చిత్రంలో ఒక బీద చెప్పులు కుట్టేవాడు పాత సైనికాధికారి దుస్తులు వేసుకుని పురపాలక భవనాన్నే స్వాధీనం చేసుకుంటాడు. అది కల్పన కాదు, 1906లో బెర్లిను దగ్గర నిజంగా జరిగినది.

వేషానికి విలువ కట్టడంలో సూరత్ గోల్డాఖ్ కన్నా చాలా పాత ఊరు. తపతీ నది సముద్రంలో కలిసే చోటికి సమీపాన వెలసిన ఈ రేవు మొగలు చక్రవర్తుల కాలంలో హజ్ యాత్రికులకు ద్వారం, పడమటి దేశాల వర్తకులకు ముంగిలి. వచ్చిన ప్రతి ఓడ నుంచీ ఎవరో ఒకరు తాము ఫలానా రాజుగారి దూతలమంటూ దిగేవారు. 1608లో విలియం హాకిన్సు దిగాడు. ఆ తరువాత మరికొందరు. 1615 సెప్టెంబరులో ఇంగ్లండు రాజు నిజమైన రాయబారిగా పంపిన సర్ థామస్ రో వచ్చేసరికి, రాయబారి అన్న మాట వింటేనే సూరత్ జనం నవ్వుతున్నారని ఆయనే తన దినచర్యలో వాపోయాడు. అంతకుముందు అందరూ అదే బిరుదు తగిలించుకున్నారు మరి. సుంకపుటధికారులు ఆయన పరివారాన్ని మామూలు వర్తకులవలె సోదా చేయబోయారు, ఆయన ఒప్పుకోలేదు. రోజుల తరబడి తగవు నడిచింది. ఇక్కడి ఎండలో కూడా రో స్వదేశపు ఉడుపులు వదలలేదు. ఆయన పరిచారకులు ఆకుపచ్చ అంచులున్న ఎర్రని పట్టు అంగవస్త్రాలతో వెంట నడిచేవారని ఆయనతోనున్న మతగురువు వ్రాసి పెట్టాడు. గోల్డాఖ్‌లో దర్జీ ప్రభువయ్యాడు, సూరత్‌లో ప్రభువును సైతం వర్తకుడేమో, వేషగాడేమో అని గీచి చూశారు. మోసపోవడంలోనూ అనుభవం కలిగిన నగరం ఇది.

ఆ వర్తకులు చావులో సైతం వేషం మానలేదు. కతార్‌గాం దర్వాజా దగ్గర నేటికీ నిలిచివున్న ఇంగ్లీషు, డచ్చి సమాధులు చూసినవారికి ముందుగా ఆశ్చర్యం కలుగుతుంది. ఇవి కంపెనీ కొలువులో బ్రతికినవారి గోరీలా, లేక ఏ నవాబుల మహళ్ళా? ఇంగ్లీషు కోఠీ అధ్యక్షుడు సర్ జార్జి ఆక్సిండెన్ 1669లో మరణించాడు. అంతకు పదేళ్ళముందే పోయిన తమ్ముడు క్రిస్టఫర్ సమాధిపై, అన్నగారికీ కలిపి, స్తంభాలతో, గుమ్మటాలతో రెండంతస్తుల కట్టడం లేచింది. 1664లో శివాజీ సూరత్‌ను కొల్లగొట్టినప్పుడు తన కోఠీని నిలబెట్టుకున్న మనిషి ఇతడే. మొగలు అధికారి కోటలో దాక్కున్నాడు. డచ్చివారు దీనిని చూస్తూ ఊరుకోలేదు. మలబారు వృక్షజాతులపై మహాగ్రంథం వెలువరించిన వాన్ రేడె 1691లో ఓడలోనే కన్నుమూయగా, సూరత్‌కు తెచ్చి, ఇంగ్లీషువారి గుమ్మటాన్ని మించిన గుమ్మటం క్రింద పరుండబెట్టారు. రెండూ మహమ్మదీయ ప్రభువుల గోరీల బాణీలో కట్టినవే. మిరియాలు, నీలిమందు, నూలుబట్ట లెక్కలు చూసిన పెద్దమనుషులు దొరల దుస్తులు తొడుక్కుని శాశ్వతంగా నిద్రిస్తున్నారు. ఇప్పుడు చుట్టూ ఊరు మూగింది. గుమ్మటాల అరలలో పావురాలు కాపురముంటున్నాయి.

నది పూడుకుపోయింది, ఓడలు బొంబాయికి మళ్ళాయి. 1759లో కోట ఇంగ్లీషువారి చేతికి చిక్కేనాటికి సూరత్ వైభవం తగ్గుముఖం పట్టింది. అయినా నగరం పైమెరుగుల విద్య మరచిపోలేదు. ఆ విద్య పేరు జరీ.

పెళ్ళికూతురు కట్టే గద్వాల చీర, ధర్మవరం చీర, కంచిపట్టు చీర ఎక్కడ నేసినవైనా వాటి అంచులలోని బంగారం చాలావరకు సూరత్‌నుంచి వచ్చినదే. రాణా కులస్థులు తరతరాలుగా ఈ పనిలో ఉన్నారు. వెండికడ్డీని చిల్లుల అచ్చులలోంచి లాగి, ఇంకా సన్నని చిల్లులలోంచి మళ్ళీ లాగి, తల వెంట్రుక కన్నా సన్నగా చేస్తారు. దానిని రెండు నున్నని చక్రాల నడుమ నొక్కి రేకు చేస్తారు. ఆ రేకును పట్టుదారం చుట్టూ దారం కనపడకుండా చుట్టి, చివరకు బంగారు నీరు పట్టిస్తారు. ఇది అసలు జరీ. వెండికి బదులు రాగి తీగ వాడితే అది నకలు జరీ. గీచిచూస్తే క్రింద ఎరుపు బయటపడుతుంది. ఇవేవీ లేకుండా లోహపు పూత పూసిన ప్లాస్టిక్ పొరను దారాలుగా చీల్చినది మూడవ రకం. కన్నుకు మొదటి రోజున మూడూ ఒక్కటే. వెంట్సెల్ వ్రేళ్ళపై సూదిపోట్లవంటివే ఈ గీతలు, చూడదలచుకున్నవానికే కనిపిస్తాయి. సూరత్ జరీకి 2010లో భౌగోళిక గుర్తింపు లభించినా, బజారులో రాజ్యమేలుతున్నది మాత్రం నకలే. దానిని నిందించడం అంత న్యాయం కాదు. బంగారం ధర అందుకోలేని ఇంటి ఆడపడుచు కూడా పెళ్ళినాడు మెరవాలనే కోరుకుంటుంది.

2015 ఫిబ్రవరిలో ఈ నగరంలోనే ఒక సూటు వేలానికి వచ్చింది. ఆ ఏడు జనవరిలో అమెరికా అధ్యక్షుడు ఒబామాను కలిసినప్పుడు ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తొడుక్కున్నదది. సన్నని చారలుగా కనిపించేదంతా దగ్గరకు వెళ్ళి చూస్తే ఆయన పేరే. ఒక వజ్రాల వర్తకుడు దానిని 4 కోట్ల 31 లక్షల రూపాయలకు పైగా పాడి దక్కించుకున్నాడు. ఆ సొమ్ము గంగానది శుద్ధికి ఉద్దేశించినది. తొడిగినవారి పేరు, కొన్నవారి పేరు పత్రికలన్నీ ప్రకటించాయి. ఆ అక్షరాలను ఒక్కొక్క పోగుగా నేసినవాని పేరు ఏ పతాక శీర్షికకూ ఎక్కలేదు.

నేసేవాడు ఎవరన్న ప్రశ్నకు సూరత్‌లో జవాబు దొరికే చోటు నగరపు తూర్పు, దక్షిణ భాగాలు. లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా ప్రాంతాలలో నడుస్తుంటే గుజరాతీ, ఒరియా, మరాఠీల మధ్య హఠాత్తుగా తెలంగాణ తెలుగు చెవిన పడుతుంది. దుకాణాల ముందు తెలుగు అక్షరాలు పలకరిస్తాయి. పురపాలక సంఘం నడిపే ప్రాథమిక పాఠశాలలలో తెలుగు మాధ్యమంవి కూడా ఉన్నాయి. ఇక్కడి తెలుగువారిలో పద్మశాలీలు పెక్కుమంది. కరీంనగరం, వరంగల్లు, నల్లగొండ ప్రాంతాల చేతిమగ్గాలు మిల్లుబట్ట ధాటికి మూలపడినప్పుడు వీరి పూర్వులు షోలాపురం, బొంబాయి, భివండి పట్టారు. 1982 జనవరిలో మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె ఎన్నో మిల్లులకు కడపటి అధ్యాయమైంది. అక్కడ తగ్గిన నేత భివండి, సూరత్ మరమగ్గాలకు చేరింది. బట్టతోపాటు మనుషులూ కదిలారు.

మార్కండేయుని కుమారుడు భావనాఋషి తామరతూడుల నారతో దేవతలకు తొలి వస్త్రం నేశాడని పద్మశాలీల పురాణం చెబుతుంది. ఆ ఋషి వంశీకుడు ఇక్కడ పన్నెండు గంటల పాళీలో ఒకేసారి అనేక మగ్గాలను కనిపెట్టి ఉంటాడు. తెగిన పడుగుపోగు అతికించాలి, అయిపోయిన కండె మార్చాలి, మళ్ళీ ప్రక్క మగ్గం దగ్గరకు పరుగెత్తాలి. కూలి గంటల లెక్కన కాదు, మీటర్ల లెక్కన. కరెంటు పోతే మీటర్లు ఆగుతాయి, జ్వరం వస్తే ఆగుతాయి. షెడ్డులో మోత ఎంతటిదంటే, మాట వినపడదు. పెదవుల కదలికతోనూ చేతి సైగతోనూ పనులు సాగుతాయి. ఏళ్ళ తరబడి పనిచేసినవారికి బయటకూడా గట్టిగా మాట్లాడడం అలవాటైపోతుంది. ఇళ్ళలో స్త్రీలు చీరలకు అంచులు కుడుతూ, మెరుపు రాళ్ళు అతికిస్తూ, వదులు దారాలు కత్తిరిస్తూ కనిపిస్తారు. వారు ముస్తాబు చేసే చీరలలో వారు కట్టగలిగినవి కొన్ని, కట్టనివి అనేకం. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్తకు భయపడి లక్షలమంది ఊరు విడిచిపోయినప్పుడు, మళ్ళీ 2020లో రాకపోకలు స్తంభించినప్పుడు, నగరం ఎవరి చేతులమీద నడుస్తున్నదో కొన్ని వారాలపాటు అందరికీ తెలిసింది. తరువాత మగ్గాలు తిరిగాయి, ఆ సంగతి మరుగున పడింది.

దసరా దగ్గరపడుతుంటే సూరత్ స్టేషనులో నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కే నేతకారులు వేరే మనుషులవలె కనిపిస్తారు. ఇస్త్రీ చొక్కా, కొత్త ప్యాంటు, చేతికి గడియారం, సంచులలో అక్కలకూ వదినెలకూ చీరలు. మంచిర్యాల, రామగుండం, వరంగల్లు స్టేషన్లలో దిగి బస్సు పట్టి ఊరు చేరేసరికి గోల్డాఖ్ సత్రం ముందు జరిగినదే మళ్ళీ జరుగుతుంది. "ఏం బావా, సూరత్‌ల బాగనే సంపాయించినవ్" అని ఎవరో అంటారు. అతను నవ్వుతాడు. కాదనడు. గది అద్దె, మెస్సు బాకీ, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు, చెవిలో ఎడతెగని మోత, వీటిలో ఏది చెప్పినా పండుగ చెడిపోతుంది. తల్లి మొగంలోని వెలుగు ఆరిపోతుంది. మౌనమే మొదటి అబద్ధమవుతుంది. తరువాత దానికి వడ్డీ కట్టవలసి వస్తుంది. గుడికి చందా అతని పేర కాస్త హెచ్చుగా వ్రాస్తారు. చెల్లెలి పెళ్ళి మాటల్లో అవతలివారు సూరత్ సంపాదన లెక్కగట్టి కట్నం అడుగుతారు. ప్రక్కింటి పిల్లవాడు పదవ తరగతి మానేసి, ఆ చొక్కా చూసి, తానూ వెంట వస్తానని పెట్టె సర్దుకుంటాడు.

కెల్లర్ తన దర్జీని మంచులో వదలిపెట్టలేదు. పెళ్ళి అయ్యాక నెట్షెన్ సొమ్ముతో వెంట్సెల్ సెల్డ్విలాలోనే బట్టల దుకాణమూ కుట్టుపనీ పెడతాడు. తనను నవ్వులపాలు చేసిన ఊరివారికే మఖమలు చొక్కాలు, బంగారు గుండీల కోట్లు కుట్టి అరువిస్తాడు. వాళ్ళందరూ అతనికి బాకీదారులు. బాకీ తీరాకనే మరొక కొత్త కోటు. అరువు ఇస్తాడు గాని వదలడు. కలలు కనే కళ్ళు పోయి, ఒళ్ళు వచ్చి, పది పన్నెండేళ్ళలో ధనం రెట్టింపు చేసుకుని, పిల్లలతో గోల్డాఖ్‌కు తరలిపోయి గౌరవనీయుడవుతాడు. పాఠకులు సాధారణంగా మంచులో ప్రేమఘట్టాన్నే తలచుకుంటారు. ఆ ఖాతా పుస్తకమే ఈ కథలో అన్నిటికన్నా అరుదైన సంగతి. బట్ట చేసినవానికి తొడిగినవాడు బాకీ పడ్డాడు.

సూరత్‌లో అట్లా జరగదని చెప్పలేము. మగ్గం పనివాడుగా వచ్చి, నాలుగు మగ్గాలు అద్దెకు తీసుకుని, ఆపైన సొంతానికి కొనుక్కున్న తెలుగువారు ఈ నగరంలో ఉన్నారు. వారి సంఖ్య కొద్దిది. మిగిలినవారి ఖాతా పుస్తకం సేఠు గారి గల్లాపెట్టెలో ఉంటుంది, అందులో బాకీ వారి పేరనే ఉంటుంది.

పండుగ వెళ్ళాక తిరుగు ప్రయాణపు రైలు భుసావళ్ దాటి తపతీ లోయవెంట పడమటికి వస్తుంది. కిటికీలోంచి ప్రత్తి చేలు, తరువాత అరటితోటలు, చివరకు ఉధ్నా దగ్గర రేకుల షెడ్లు కనిపిస్తాయి. దిగేవారు పెట్టెలు దించుకుంటారు. కొందరు రైలులోనే ఇస్త్రీ చొక్కా విప్పి, మడత చెడకుండా పాత వార్తాపత్రికలో చుట్టి, పెట్టె అడుగున పెడతారు. వెంట వచ్చిన పిల్లవాడు తన చొక్కాతోనే నిలబడి షెడ్లవైపు చూస్తాడు. మోత ఇంకా అతనికి వినపడడం లేదు. రాత్రి పాళీకి రెండు గంటల వ్యవధి ఉంది.